ఎమ్మార్పీ మీద 20 ఎక్కువ, మూత సీలు వదులు: వీధి వైన్స్‌లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఎనుమాముల_వాసి (2025 డిసెంబర్ 8, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. నేను వరంగల్‌లో ఉంటాను. ఈ నెల 1 నుంచి మా వీధి చివరి వైన్స్ కొత్త లైసెన్స్‌దారు చేతికి వచ్చింది. బోర్డు మారింది, కౌంటర్‌లో పిల్లలు మారారు. ఇనుప జాలీ పాతదే. దానికి చెయ్యి పట్టేంత కిటికీ ఉంటుంది. డబ్బులు లోపలికి పోయాకే సీసా బయటికి వస్తుంది.

నిన్న ఆదివారం మా బావ వచ్చాడు. రాత్రి ఎనిమిదిన్నరకు నేనే వెళ్లి ఒక హాఫ్ (375 మి.లీ. సీసా) అడిగాను. వెనక పదిహేను మంది తోసుకుంటున్నారు. కౌంటర్ అబ్బాయి రేటు చెప్పాడు, ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేశాను. సీసా పేపర్‌లో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే లేబుల్ మీద ఎమ్మార్పీ 20 రూపాయలు తక్కువ ఉంది. పోనీలే అనుకొని మూత తిప్పాను. ‘కటక్’మని చప్పుడు రాలేదు. మూత కింది రింగు అప్పటికే విడిపోయి మెడ చుట్టూ వదులుగా తిరుగుతోంది. పైన అంటించే హోలోగ్రామ్ లేబుల్ ఒక అంచు లేచి ఉంది.

వెంటనే వెనక్కి తీసుకెళ్లాను. "ఇది మా దగ్గరే కొన్నావని ఏంటి నమ్మకం? బిల్లు చూపించు" అన్నారు. అసలు బిల్లు ఇస్తే కదా చూపించడానికి! చూస్తామని సీసా లోపలికి తీసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. "నచ్చకపోతే వేరే షాపుకు పో" అన్నారు. డబ్బులూ పోయాయి, సీసా కూడా పోయింది.

ఇంకొకటి నా మనసులోంచి పోవడం లేదు. నా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డాడు. పొద్దంతా సిమెంటు పని చేసి వచ్చినట్టున్నాడు, గోళ్ల చుట్టూ సిమెంటు ఎండి తెల్లగా ఉంది. వాళ్లు చెప్పిన రేటు ఇచ్చేసి, క్వార్టర్ (180 మి.లీ. సీసా) లుంగీ మడతలో దోపుకొని వెళ్లిపోయాడు. సీసా వైపు చూడను కూడా లేదు. ఆయన దగ్గర రోజూ ఎంత ఎక్కువ తీసుకుంటున్నారో!

తెలిసినవాళ్లు చెప్పండి. కొనేవాడికి ఏం హక్కులున్నాయి? సీసా అసలుదో కాదో కౌంటర్ దగ్గరే ఎలా చూసుకోవాలి?

ఏడేళ్లు_కౌంటర్‌లో (డిసెంబర్ 8, రాత్రి 10:25)

తమ్ముడూ, నేను రెండు జిల్లాల్లో కలిపి ఏడేళ్లు వైన్స్ కౌంటర్‌లో పని చేశాను. ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

నువ్వు చేసిన పొరపాటు ఒక్కటే. రేటు వాళ్లు చెప్తే కట్టావు. బ్రాండ్ పేరు చెప్పి, "ఎమ్మార్పీ ఎంతుందో చూపించు" అని సీసా చేతికి అడగాలి. రద్దీ టైంలో ఇవ్వరు, నిజమే. అందుకే నేను ఎవరికైనా చెప్పేది సాయంత్రం ఆరున్నర లోపల వెళ్లమని. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా కౌంటర్‌లో ఎవరి ముఖమూ ఎవరూ చూడరు. ఎక్కువ రేటు, చిల్లర లేదనడం, అడిగింది లేదని ఇంకోటి అంటగట్టడం, అన్నీ ఆ టైంలోనే జరుగుతాయి.

సీసా చేతికి వచ్చాక ముందు మూత చూడు. మూతకూ కింది రింగుకూ మధ్య సన్నని ప్లాస్టిక్ లేదా రేకు బ్రిడ్జీలు ఉంటాయి. అవి తెగకుండా ఉండాలి. వేలితో మెల్లగా తిప్పితే మూత కదలకూడదు. హోలోగ్రామ్ మూత మీద నుంచి మెడ మీదికి అంటుకొని ఉంటుంది, మూత తీస్తే అది చిరగాల్సిందే. అంచు లేచినా, మధ్యలో గీత పడినా, రెండోసారి గమ్ముతో అంటించినట్టు మరకలున్నా ఆ సీసా వద్దను. తర్వాత లేబుల్ మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, తెలంగాణలో మాత్రమే అమ్మాలన్న ముద్ర, ఎమ్మార్పీ చూడు. చివరికి సీసాను లైటుకు ఎదురుగా పెట్టి తలకిందులు చెయ్యి. లోపల నలకలు తేలితే తీసుకోకు. పక్కన అదే సరుకు ఇంకో సీసా ఉంటే రెండింటి మట్టం పోల్చు. కంపెనీలో మిషన్ నింపినవి ఒకే గీత మీద ఉంటాయి.

కల్తీ ఎలా చేస్తారని చాలామంది అడుగుతారు. నేను చూసింది చెప్తాను, విధానం మాత్రం చెప్పను. ఖరీదైన బ్రాండ్ మూత నైసుగా తీస్తారు, కొంత తీసి చీప్ లిక్కర్ పోస్తారు, మూత మళ్లీ పెట్టేస్తారు. ఎక్కువగా ఫుల్లులు, హాఫులతోనే చేస్తారు. క్వార్టర్‌లో దొరికే లాభానికి అంత కష్టం ఎవరూ పడరు. క్వార్టర్ దగ్గర మోసమంతా రేటులోనే ఉంటుంది.

ఎనుమాముల_వాసి (డిసెంబర్ 8, రాత్రి 10:41)

అన్నా, చాలా థాంక్స్. ఈ మాటలు నిన్న తెలిసి ఉంటే బాగుండేది. "క్వార్టర్ దగ్గర మోసమంతా రేటులోనే" అన్నారు కదా, నాకు ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు.

లైసెన్స్_ఉన్నవాడు (డిసెంబర్ 9, ఉదయం 8:15)

నేను ఇంకో జిల్లాలో షాపు నడుపుతున్నాను. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం తప్పే, సమర్థించను. అయితే మా వైపు లెక్క కూడా తెలియాలి.

రాష్ట్రంలో 2,620 షాపులు. లైసెన్స్‌లు ఎవరికో తేల్చడానికి అక్టోబర్‌లో లాటరీ డ్రా తీశారు. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, డ్రాలో రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. రెండేళ్ల కిందట 2 లక్షలే ఉండేది. నలుగురం కలిసి పదకొండు దరఖాస్తులు వేస్తే ఒకటి తగిలింది. అంటే షాపు తెరవకముందే 33 లక్షలు పోయాయి. దాని మీద ఏడాది లైసెన్స్ ఫీజు ఉంటుంది. ఊరి జనాభాను బట్టి 50 లక్షల నుంచి కోటీ పది లక్షల దాకా. సరుకంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే తెచ్చుకోవాలి, ముందే డబ్బు కట్టాలి. అద్దె, కరెంటు, పిల్లల జీతాలు, పగిలిన సీసాలు అన్నీ మావే. ఆ ఒత్తిడిలోనే కొందరు పక్కదారి పడతారు.

ఏడేళ్లు_కౌంటర్‌లో (డిసెంబర్ 9, ఉదయం 9:02)

సార్, మీ లెక్క కరెక్టే. కానీ దరఖాస్తు వేసేటప్పుడే ఈ లెక్కంతా మీకు తెలుసు. ప్రభుత్వం ఇచ్చే మార్జిన్ కూడా తెలుసు. పోయిన 33 లక్షలు రోజుకూలీ క్వార్టర్ మీద పది పది వేసి రాబట్టుకోవడం ఏ లెక్కలోకీ రాదు. నేను పనిచేసిన ఒక షాపులో రోజుకు ఆరేడు వందల క్వార్టర్లు పోయేవి. పది చొప్పున వేసుకోండి, రోజుకు ఆరేడు వేలు. ఆ డబ్బు గల్లాపెట్టెలో పెట్టరు. వేరే డబ్బా ఉంటుంది, రాత్రి షట్టర్ వేశాక దాన్ని విడిగా లెక్కపెడతారు. ఆ డబ్బాను నా చేతులతోనే ఎన్నోసార్లు లెక్కపెట్టాను. ఆ పని నాకు నచ్చకే బయటికి వచ్చాను.

లైసెన్స్_ఉన్నవాడు (డిసెంబర్ 9, ఉదయం 9:30)

మీరు చెప్పిన డబ్బా మా షాపులో లేదు. రేట్ల బోర్డు బయట కనబడేలా పెట్టాను, అడిగినవాళ్లకు బిల్లు ఇస్తున్నాను. వీధి షాపు రోజూ వచ్చే అదే మొహాల మీద బతుకుతుంది. ఒక్కసారి నమ్మకం పోతే వాళ్లు రోడ్డు దాటి అవతలి షాపుకు పోతారు, మళ్లీ రారు. ఎనుమాముల గారూ, మీరు ఫోన్‌తో కట్టారు కదా, ఆ పేమెంట్ రికార్డు దాచుకోండి. షాపు పేరు, టైము, మొత్తం అందులోనే ఉంటాయి.

మెట్రాలజీ_మిత్రుడు (డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:10)

హక్కుల సంగతి అడిగారు కాబట్టి. ప్యాకేజీ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కంటే ఎక్కువకు అమ్మకూడదని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతలు) ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి. మద్యం సీసాకూ అదే వర్తిస్తుంది. "కూలింగ్ చార్జీ" పేరుతో బీరు మీద 10 తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది, ఎమ్మార్పీ అంటే అన్నీ కలిపిన ధర. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. దానితోపాటు మీ ఏరియా ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పిన ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు.

ల్యాబ్_కోట్ (డిసెంబర్ 9, సాయంత్రం 6:45)

నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తాను. సీలు పోయిన సీసా గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను.

నీళ్లు కలిపితే పోయేది డబ్బే. చీప్ లిక్కర్ కలిపితే తలనొప్పి. భయపడాల్సింది మిథనాల్ గురించి. రంగులో, వాసనలో తేడా పట్టుకోలేరు, రుచి చూసి చెప్పలేరు. శరీరంలోకి పోయాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మామూలు మత్తులాగే మొదలవుతుంది. పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపల వాంతులు, కడుపునొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మంచు కురిసినట్టు కనబడటం, ఆయాసం వస్తాయి. "రాత్రి ఎక్కువైంది, పడుకుంటే తగ్గుతుంది" అని ఇంట్లో ఉంచేస్తారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. చూపులో తేడా ఉందంటే నిమ్మరసం, మజ్జిగ అంటూ టైం పోగొట్టకుండా డయాలసిస్ ఉన్న హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. తాగిన సీసా కూడా వెంట తీసుకెళ్లండి. అదే సీసాలోంచి తాగినవాళ్లు ఇంకెవరున్నా, వాళ్లకు ఏమీ అనిపించకపోయినా సరే, పిలిపించండి.

ఎనుమాముల గారూ, ఆ హాఫ్ మీ ఇంట్లో ఎవరూ తాగలేదు. నా మటుకు నాకు అదే పెద్ద ఊరట.

కృష్ణలంక_కుర్రోడు (డిసెంబర్ 9, రాత్రి 8:20)

మా బెజవాడ సంగతి చెప్తానండి. 2019 అక్టోబర్ 1 నుంచి ఐదేళ్లపాటు మాకు ప్రైవేటు షాపులే లేవు. ప్రభుత్వ షాపులే. కౌంటర్‌లో ఉద్యోగి కూర్చునేవాడు, ఎక్కువ రేటు గొడవ చాలావరకు లేదు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. కానీ అడిగిన బ్రాండ్ ఉండేది కాదు. "ఏది కావాలి" అని అడిగే రోజు పోయి "ఏముంది" అని మనమే అడిగే రోజు వచ్చింది. ఎప్పుడూ వినని పేర్లు. ధరలు మండిపోయాయి. చాలాకాలం నగదే తీసుకున్నారు, ఫోన్ పేమెంట్ లేదు. మా నాన్న జేబులో ఆ డబ్బు విడిగా పెట్టుకుని వెళ్లేవారు.

2024 అక్టోబర్ 16న 3,396 ప్రైవేటు షాపులు తెరిచారు. పాత బ్రాండ్లు తిరిగొచ్చాయి, 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా అమ్మకం. 2025 అక్టోబర్‌లో అన్నమయ్య జిల్లా ములకలచెరువు దగ్గర నకిలీ మద్యం తయారీ బయటపడింది కదండీ, అప్పటి నుంచి మా వైపు షాపుల్లో ఎక్సైజ్ సురక్ష యాప్‌తో సీసా మీది కోడ్ స్కాన్ చేసి చూపించాలన్నారు. మనం కూడా ఆ యాప్ ఫోన్‌లో పెట్టుకుని స్కాన్ చేసుకోవచ్చు. నేను కొన్న ప్రతి సీసా చేస్తున్నాను. మొదట్లో కౌంటర్‌లో విసుక్కున్నారు, ఇప్పుడు నేను రాగానే కోడ్ నా వైపు తిప్పి పెడుతున్నారు.

గోదారి_గట్టు (డిసెంబర్ 9, రాత్రి 9:05)

మాది కాకినాడ అండి. పక్కనే యానాం, అది పుదుచ్చేరిది, పన్ను తక్కువ, రేటు తక్కువ. మా వాళ్లు బండి డిక్కీలో నాలుగు వేసుకుని వచ్చేస్తుంటారు. దయచేసి చెయ్యకండి. మన రాష్ట్రంలో సుంకం కట్టని సరుకు కింద లెక్క, చెక్‌పోస్టులో దొరికితే కేసే. నాకు తెలిసిన ఒక కుర్రాడు మూడు వందలు మిగులుతాయని వెళ్లి, బండి విడిపించుకోడానికి నెలల తరబడి తిరిగాడు.

మియాపూర్_అమ్మాయి (డిసెంబర్ 10, ఉదయం 11:30)

ఈ చర్చ చదివి ధైర్యంగా అడుగుతున్నాను. నాకు వైన్ ఇష్టం. నిజమైన వైన్, ద్రాక్షది. మా వీధిలో రెండు "వైన్స్" ఉన్నాయి. ఒకసారి వెళ్లాను. నేను జాలీ దగ్గరికి వచ్చేసరికి చుట్టూ మాటలు ఆగిపోయాయి. పర్మిట్ రూం (షాపు పక్కనే కూర్చుని తాగే గది) గుమ్మంలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. "రెడ్ వైన్ ఉందా" అని అడిగితే, పైన ట్యూబ్‌లైట్ పక్కన నిలబెట్టిన సీసా ఒకటి దుమ్ము తుడిచి ఇచ్చారు. ఇంటికెళ్లి తెరిస్తే పులిసిన వాసన. అప్పటి నుంచి ఆఫీస్ దగ్గర వాక్-ఇన్ స్టోర్‌కు వెళ్తున్నాను. అక్కడ బుట్ట తీసుకుని, లేబుళ్లు చదువుకుని, నచ్చింది తీసుకోవచ్చు. ఎవరూ చూడరు. నాలాంటివాళ్లకు వీధిలోనే అలాంటి షాపు ఎందుకు ఉండదు? వైన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ద్రాక్షతోట (డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:50)

మేడమ్, నేను పదేళ్లుగా నాసిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఊరు గుంటూరు. ఇక్కడి వైనరీలకు పనిమీద తిరుగుతుంటాను కాబట్టి ఈ ప్రశ్నకు తీరిగ్గా రాస్తాను.

విస్కీ, రమ్ము ఎండలో ఉన్నా పెద్దగా చెడవు. వాటిలో ఆల్కహాల్ 42.8 శాతం. వైన్‌లో 12, 13 శాతమే. అది వేడికి తట్టుకోదు. మన ఊళ్లో మే నెలలో, కరెంటు పోయిన షాపులో, పై అరలో, లైటు పక్కన మూడు నెలలు నిలబడిన సీసా ఉడికిపోయినట్టే. మీకు వచ్చిన వాసన అందువల్లే. కాబట్టి బ్రాండ్ కంటే ముందు సీసా ఎక్కడ పెట్టారో చూడండి. ఫ్రిజ్‌లో ఉన్నదో, కింది అరలో చీకట్లో ఉన్నదో అడగండి. కార్క్ ఉంటే అది మెడ అంచు కంటే పైకి లేచిందేమో వేలితో తడిమి చూడండి. లేచిందంటే వేడి తగిలి లోపల ఉబ్బింది. మెడ దగ్గర ఎండిన జిగురు మరక ఉంటే కారింది. మన వాతావరణానికి నా ఓటు స్క్రూ మూతకే.

లేబుల్ మీద సంవత్సరం ఉంటుంది. మన దేశంలో వైన్ ద్రాక్ష జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు, కాబట్టి 2024 అని ఉంటే ఆ ఏడాది మొదట్లో కోసిన పండు. వైట్ వైన్, రోజే (గులాబీ రంగు వైన్) అయితే రెండేళ్ల లోపువే తీసుకోండి. రెడ్ కొంచెం ఆగుతుంది. మొదలుపెట్టేవాళ్లకు సులా, ఫ్రాటెల్లి, గ్రోవర్ జంపా ఏవైనా పరవాలేదు. సులా ఇక్కడి నాసిక్‌ది, ఫ్రాటెల్లి సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గరిది, గ్రోవర్ బెంగళూరు పక్కన నంది కొండల దగ్గర మొదలైంది. షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చల్లగా చేసుకుని మన చేపల వేపుడుతో తాగి చూడండి. కారం ఎక్కువున్న కోడికూరతో గట్టి రెడ్ వద్దు, మంట ఇంకా పెరుగుతుంది.

ఇంకో మాట. వీధి షాపులో వైన్ అని అడిగితే చాలాచోట్ల తియ్యటి పోర్ట్ ఇస్తారు. అది ఆల్కహాల్, చక్కెర కలిపి తియ్యగా చేసే సరుకు, ఇష్టమైతే తాగవచ్చు. మీరు అడిగేది అదేనా కాదా ముందే తేల్చుకోండి.

మియాపూర్_అమ్మాయి (డిసెంబర్ 10, మధ్యాహ్నం 3:20)

కార్క్ విషయం ఎవరూ చెప్పలేదు నాకు. ఆ రోజు సీసా కార్క్ నిజంగానే కొంచెం పైకి ఉంది! చాలా థాంక్స్ అండి.

డాలస్_బావ (డిసెంబర్ 11, ఉదయం 6:10)

మియాపూర్ చెల్లెమ్మ మాట చదివాక రాయాలనిపించింది. మేము టెక్సస్‌లో ఇర్వింగ్‌లో ఉంటాము. ఇక్కడ బీరు, వైన్ కిరాణా కొట్టులోనే, పాలప్యాకెట్ల పక్క వరుసలోనే ఉంటాయి. విస్కీ లాంటివి మాత్రం లిక్కర్ స్టోర్‌లోనే. వాల్‌మార్ట్‌లో వైన్ దొరుకుతుంది, విస్కీ దొరకదు. లిక్కర్ స్టోర్ రాత్రి 9కి మూసేస్తారు, ఆదివారం తెరవరు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఆదివారం పార్టీ పెట్టుకుని షాపు ముందు తాళం చూసి వెనక్కి వస్తుంటారు.

మా ఇంటి దగ్గర స్టోర్ నడిపే గుజరాతీ ఆయన నాకు పదేళ్ల పరిచయం. మా అమ్మానాన్న వచ్చినప్పుడు నాన్నను తీసుకెళ్లాను. నాన్న కౌంటర్ ముందు నిలబడి ఆయన ఇస్తాడని చూస్తున్నారు. "అంకుల్, వెళ్లి మీకు నచ్చింది తెచ్చుకోండి" అన్నాడు ఆయన. నాన్న గంటసేపు అరల మధ్య తిరిగారు, సీసాలు తీసి లేబుళ్లు చదివి మళ్లీ పెట్టారు. నలభై ఏళ్లుగా తాగుతున్నా, కొనేముందు సీసాను చేత్తో పట్టుకుని చూడటం ఇదే మొదటిసారి అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను.

కోవూరు_కూతురు (డిసెంబర్ 11, ఉదయం 10:40)

మాది నెల్లూరు జిల్లా. మీరందరూ మంచి మనసుతో రాస్తున్నారు, కోపం లేదు. కానీ ఒక మాట వినండి. 1992లో మా జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు మా అమ్మ మా ఊరి ఆడవాళ్లతో కలిసి సారా దుకాణం ముందు కూర్చుంది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, రోజుకూలీ ఎంత, సారాకు పోయేది ఎంత అని వాళ్లు పలక మీద లెక్క వేసుకున్నారు. 1993 అక్టోబర్ 1న సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లు మా ఇంట్లో నాన్న జీతం మొత్తం అమ్మ చేతికి వచ్చింది.

మీరు ఎమ్మార్పీ గురించి, సీలు గురించి మాట్లాడుతున్నారు. ఆ పెద్దాయన దగ్గర పది ఎక్కువ తీసుకోవడం అన్యాయమే. ఆ పది పోను మిగతా డబ్బు కూడా ఎవరో ఒక ఆడమనిషి లెక్కలోదే అని గుర్తుంచుకోండి.

ఎనుమాముల_వాసి (డిసెంబర్ 11, మధ్యాహ్నం 12:05)

అక్కా, మీ మాట నాకు తగిలింది. నేను కాదనలేను. తాగేవాళ్లను మాన్పించే శక్తి నాకు లేదు, కానీ తాగేవాడికి అన్యాయం జరిగితే ఇంట్లో పడే దెబ్బ ఇంకా పెద్దది అనుకుంటున్నాను. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

బడిపంతులు (డిసెంబర్ 11, సాయంత్రం 5:30)

మేము ఉండే పల్లెలో వైన్స్ లేదు. ఆరు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రంలో ఉంది. మా ఊళ్లో ఉన్నది బెల్టు షాపు, అంటే కిరాణా కొట్టు వెనక గది. లైసెన్స్ ఉన్న షాపు నుంచే సరుకు వస్తుంది, క్వార్టర్ మీద ఇంకో ఇరవై, ముప్పై పెరుగుతుంది. టైము లేదు, తెల్లారుజామున కూడా దొరుకుతుంది. వయసు అడిగేవాడు లేడు. చట్టం ప్రకారం 21 నిండాలి, నా పదో తరగతి పిల్లలను వాళ్ల నాన్నలు అక్కడికి పంపుతారు. ఇంకో పక్క, మీ వీధి షాపులో సీలు గురించి అడగడానికి మీకు జాలీ అయినా ఉంది. ఇక్కడ అప్పు రాసుకునే మనిషిని ఎవరు అడుగుతారు? దయచేసి పల్లెల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది పట్టించుకోండి.

కరీంనగర్_దావత్ (డిసెంబర్ 12, ఉదయం 9:15)

ఫిబ్రవరిలో తమ్ముని పెళ్లి, ఫంక్షన్ హాల్‌లో దావత్. వైన్స్‌లో కేసుల కొద్దీ కొని తీసుకెళ్లొచ్చా?

లైసెన్స్_ఉన్నవాడు (డిసెంబర్ 12, ఉదయం 9:50)

అలా తీసుకెళ్లొద్దు తమ్ముడూ. మనిషి దగ్గర ఉంచుకోవడానికి పరిమితి ఉంది. ఫంక్షన్ హాల్‌లో పోయాలంటే ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ ఉంటే సరుకుకు బిల్లు అడిగి తీసుకోండి. బీరు కొంటే కేసుల మీద తయారీ తేదీ ఒకేలా ఉందో చూసుకోండి, పాత కేసు మధ్యలో కలిపేస్తారు. పచ్చ సీసాలు ఎండలో దింపనివ్వొద్దు, ఎండ తగిలితే బీరుకు వాసన పట్టేస్తుంది.

ఎనుమాముల_వాసి (డిసెంబర్ 14, రాత్రి 8:55)

అందరికీ అప్‌డేట్. శుక్రవారం ఎక్సైజ్ స్టేషన్‌కు వెళ్లాను. పేమెంట్ స్క్రీన్‌షాట్, రేటు, టైము రాసి ఇచ్చాను, ముద్ర వేసిన కాపీ తీసుకున్నాను. 1915లో కూడా నమోదు చేశాను. శనివారం షాపు మేనేజర్ ఫోన్ చేసి, హాఫ్ డబ్బులు మొత్తం తిరిగి పంపాడు. సీసా ఏమైందని అడిగితే చెప్పలేదు. ఆ విషయం వదలను, దాని మీద ఇంకో కాగితం రాస్తున్నాను.

ఈ రోజు సాయంత్రం ఆరింటికి షాపు వైపు వెళ్లాను, కొనడానికి కాదు, బయట రేట్ల బోర్డు పెట్టారో లేదో చూడటానికి. పెట్టారు. చిన్న అక్షరాలు, ఎత్తులో ఉంది. అదే టైంకు ఆ సిమెంటు పని పెద్దాయన వచ్చాడు. నేను పక్కకు వెళ్లి, "పెద్దయ్యా, ముందు సీసా చేతికి తీసుకో, తర్వాత పైసలియ్యి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. అయినా అడిగాడు. కౌంటర్ అబ్బాయి నన్ను చూసి సీసా ఇచ్చాడు. పెద్దాయనకు చదువు రాదట, అంకెలు మాత్రం గుర్తుపడతాడు. లేబుల్ వెనక చిన్న అంకెల్లో ధర ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. కళ్లకు దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుని చూశాడు. ఆ అంకె గట్టిగా పైకి చదివాడు. వెనక నిలబడ్డ ఇద్దరు కూడా తమ సీసాలు తిప్పి చూసుకున్నారు.

ఆయన కరెక్టుగా అంతే లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలిన పది రూపాయల నోటు మళ్లీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "గిన్నాళ్లు ఎంత తీస్కున్నరు బిడ్డా?" అని అడిగాడు. నేను లెక్క చెప్పలేకపోయాను.

ఏడేళ్లు_కౌంటర్‌లో (డిసెంబర్ 14, రాత్రి 9:20)

తమ్ముడూ, ఆ బోర్డు మనిషి కంటి ఎత్తులో, పెద్ద అక్షరాల్లో పెట్టించమని కూడా కాగితంలో రాయి. రేపు పొద్దున నేను కూడా మా వీధి షాపుకు వెళ్లి చూస్తాను.